జొన్నరొట్టె మందేనా, విందు కాదా?

ఒక్క రాత్రి పనిమీద హైదరాబాద్‌కు ఎవరొచ్చినా, భోజనం సంగతి వాళ్లు అడగకముందే తేలిపోతుంది. ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడైనా, ఆస్పత్రిలో చుట్టాన్ని చూసిపోదామని వచ్చిన పెద్దాయనైనా, అమెరికా నుంచి దిగి మర్నాడే ఊరికి బయల్దేరే దంపతులైనా సరే, ‘బిర్యానీ తినకుండా ఎట్లా పోతారు?’ అంటాం. కారెక్కించి పేరున్న హోటల్‌కు తీసుకెళ్తాం. టోకెన్ చేతికిచ్చి గంటసేపు గుమ్మం ముందు నిలబెడతాం. దారిలో ఫుట్‌పాత్ అంచున పొయ్యి వెలిగించుకుని జొన్నరొట్టెలు తట్టే ఆడమనిషి పక్కనుంచే ఆ కారు పోతుంది. అద్దం దించి అటు చూపిద్దామని ఒక్కరికైనా తోస్తుందా?

బిర్యానీ మీద నాకు కోపం లేదు. దమ్ము కుదిరిన బిర్యానీని కాదనేంత రుచి తెలియనివాణ్ని కాను. కానీ హైదరాబాద్ బిర్యానీ తినాలంటే హైదరాబాదే రావాలా? శ్రీకాకుళంలో ఆ బోర్డే, తిరుపతిలో ఆ బోర్డే, డాలస్‌లో దిగినా ఆ బోర్డే. రుచిలో తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. పెనం మీంచి నేరుగా కంచంలోకి దిగే జొన్నరొట్టె అట్లా ఊళ్లు తిరగదు. పావుగంట ఆగితే గట్టిపడుతుంది, పార్శిల్ కట్టించుకుంటే సగం రుచి కాగితానికే పోతుంది. కర్నూలు, అనంతపురం వాళ్లకు ఇది ఇంటి తిండే, వాళ్లకు నేను చెప్పాల్సిందేమీ లేదు. కోస్తా నుంచి వచ్చినవాడి సంగతేమిటి? ఢిల్లీ నుంచి, చెన్నై నుంచి వచ్చినవాడి సంగతేమిటి? వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క పూట. ఆ పూట కూడా ఎక్కడైనా దొరికేదే పెట్టి పంపిస్తామా?

అసలు ఆ పొయ్యి దగ్గర ఎంత పనితనం ఉందో నిలబడి చూసినవాళ్లెందరు? గోధుమపిండిని సాగదీసే గ్లూటెన్ జొన్నపిండిలో లేదు. అప్పడాల కర్రతో ఒత్తబోతే పగుళ్లిచ్చి ముక్కలవుతుంది. అందుకే మరిగిన నీళ్లు పోసి, చెయ్యి కాలే వేడిలోనే పిండి మెదపాలి. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ, వేళ్ల కొసలతో తిప్పుతూ పెంచాలి. చూస్తుండగానే అరచేతంత ముద్ద కంచమంత రొట్టె అవుతుంది. అంచు ఎంత మందమో నడుమా అంతే. దాన్ని చిరగకుండా రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద పరచడం ఒక విద్య. పైన తడిగుడ్డతో నీళ్లు అద్దడం ఇంకో విద్య. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. తొందరపడితే విరుగుతుంది, ఏమరితే బీటలు వారుతుంది. ఆమె దగ్గర గడియారం లేదు, కొలపాత్ర లేదు. రొట్టె రంగు మారడం చూసి తిప్పుతుంది. చివర్న మంటకు చూపిస్తే పూరీలాగా పొంగుతుంది.

ఇదే పని స్టార్ హోటల్లో తెల్ల టోపీ పెట్టుకున్న మగవాడు చేస్తే ‘లైవ్ కౌంటర్’ అని బోర్డు పెడతారు, ఫోన్లు తీసి వీడియోలు పడతారు. ఆమె చేస్తే అది 20, 30 రూపాయల రొట్టె!

కొనేవాళ్లున్నారు కదా అంటారేమో. ఉన్నారు. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా సాయంత్రమైతే ఆ పొయ్యిల దగ్గర బళ్లు ఆగుతాయి. ‘అమ్మా, రెండు పార్శిల్, నాన్నకు షుగర్’ అని అడిగి, బండి దిగకుండానే తీసుకెళ్తారు. డాక్టర్ చెప్పాడని కొంటారు, మాత్ర మింగినట్టు తింటారు. నాకు కడుపు మండేది ఇక్కడే. తరాల తరబడి ఒక నేలను బతికించిన తిండిని మందుగా కొంటాం గానీ విందుగా వడ్డించమా? ఎల్లిపాయ కారం నూరి, వంకాయ కూరో బోటి కూరో పక్కన పెట్టి, పొగలు కక్కే రొట్టె తుంచి నోట పెట్టుకుంటే తెలుస్తుంది, అది రోగుల పథ్యమో రాజుల భోజనమో!

ఈ చిన్నచూపు నిన్నటిది కాదు. పల్నాటి జొన్నకూడును ఈసడించిన చాటువులు శ్రీనాథుడి పేరున ఇప్పటికీ చెప్పుకుంటాం, నవ్వుకుంటాం. సన్నన్నం మరిగిన కవిసార్వభౌముడికి అది గొంతు దిగలేదు సరే, మనకేం వచ్చింది? తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో మొన్నమొన్నటి దాకా వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో వండేవారు. మిగతా రోజులన్నీ జొన్నవే. గటక, అంబలి, రొట్టె. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నింపిన పథకాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ బియ్యానికి అందిన ఆసరా జొన్నకు అందలేదు, పేదరికం గుర్తుగా దాన్ని పెరట్లోకి తోసేశాం. 1960ల చివర్లో దేశంలో దాదాపు 1.8 కోట్ల హెక్టార్లలో జొన్న వేసేవారు. ఇప్పుడు అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఇక పాలకుల సంగతి. జొన్న మీద ప్రపంచం చెప్పుకునే పరిశోధన జరిగేది ఎక్కడనుకున్నారు? పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. రెండూ ఈ నగరం అంచుల్లోనే. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి గాను సృజనాత్మక నగరంగా గుర్తించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఆ జూన్‌లోనే జీ20 దేశాల వ్యవసాయ మంత్రులు ఈ నగరంలో కూర్చుని చిరుధాన్యాలను పొగిడారు. సెప్టెంబర్‌లో ఢిల్లీలో దేశాధినేతల విందులో వాటితో చేసిన వంటకాలూ వడ్డించారు. కేంద్రం ‘శ్రీ అన్న’ అని పేరు కూడా పెట్టింది. మరి వాటిలో ఒకటైన జొన్నను రోజూ రాత్రి నగరానికి తినిపిస్తున్న ఆడవాళ్లకు ఏం పెట్టారు? ఒక నల్లా? ఒక దీపం? వాన పడితే తలదాచుకునే రేకు?

అయ్యా, వేదికల మీద చిరుధాన్యాలకు దండలు వేసే పెద్దలారా, మీ కాన్వాయ్ వెళ్లే దారిలో అడ్డమని ఎత్తేయించే పొయ్యి ఎవరిదనుకుంటున్నారు? సాక్షాత్తూ మీ ‘శ్రీ అన్న’ వండే మనిషిది! వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడాలని 2014లో చట్టం చేశారు. దాని కింద ఏర్పడే కమిటీల్లోని వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు మహిళలు ఉండాలని అందులోనే రాశారు. ఆ కుర్చీల్లో రొట్టెలు తట్టే చేతులు ఎన్ని కనిపిస్తున్నాయి? 2010లో హలీంకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న నగరం ఇది. సంతోషం. ఆ ఉత్సాహంలో పదో వంతు జొన్నరొట్టె మీద చూపిస్తే ఎవరి సొమ్ము పోతుంది? పర్యాటక శాఖ వారూ, వచ్చినవాళ్ల చేతిలో పెట్టే కరపత్రంలో చార్మినార్ బొమ్మ కింద బిర్యానీ బొమ్మ వేస్తారు. దాని పక్కన రొట్టె బొమ్మకు జాగా లేదా?

వాళ్లను అనేముందు మనల్ని మనం అనుకోవాలి. ఈసారి ఒక్క రాత్రికి ఎవరైనా వస్తే బిర్యానీ మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రికి మీ వీధి చివర పొయ్యి దగ్గరికే తీసుకెళ్లండి. పార్శిల్ వద్దు, అక్కడే స్టూలు వేయించుకుని కూర్చోబెట్టండి. ‘అక్కా, మా చుట్టం, దూరం నుంచి వచ్చిండు, వేడివి ఇయ్యి’ అని ఆమెతో చెప్పండి. కాస్త పెందలాడే వెళ్లండి. కలిపిన పిండి అయిపోతే ఆమె పొయ్యి ఆర్పేస్తుంది, ఏ హోటల్‌లాగా మీకోసం అర్ధరాత్రి దాకా కూర్చోదు.