కాసుల పేరులో సెయింట్ జార్జి

నర్సీపట్నం బంగారు కొట్లకు పాత కాసుల పేరు మార్పిడికి వస్తే ముందు తూకం, తర్వాత గీటురాయి, ఆపైన కుంపటి. కాసును తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చూస్తే ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపుతున్న వీరుడు. రాజు ఐదో జార్జి అని పెద్దవాళ్లకు తెలుసు, జార్జి కాసు అన్నది అందుకే. గుర్రం మీదున్నాయన పేరూ జార్జే. ఆయన ఇంగ్లండు కొలిచే పునీతుడు. కేరళలోని పుతుప్పళ్లి చర్చి కూడా ఆయన పేరుతోనే ఉంది.

పునీతుల బొమ్మలతో బంగారు నాణేలు ఇప్పుడు పెద్ద సరదా. వాటికన్ మొదలుకొని విదేశీ టంకశాలలు వాటిని అందమైన పెట్టెలో పెట్టి, ధ్రువపత్రం జోడించి సేకర్తలకు అమ్ముతున్నాయి. బంగారం ధర మీద అదనంగా వేసే సొమ్ము పెట్టెకూ, పేరుకూ. అమ్ముకోవాల్సిన రోజున మన ఊరి కొట్టువాడు ఇచ్చేది మాత్రం బంగారం ధరే. కాబట్టి అలాంటిది కొనాలని ముచ్చటపడేవాళ్లు ముందు ఇంట్లో నగల పెట్టె తెరవాలంటాను.

ఈ జార్జి కాసు, అంటే సవర్ను మీద సెయింట్ జార్జి బొమ్మను 1817లో చెక్కినవాడు బెనెడెట్టో పిస్ట్రుచ్చి అనే ఇటలీ కళాకారుడు. నాణెం బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. మన కోస్తాలో కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములని లెక్క కట్టేది ఇంచుమించు ఈ తూకమే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లండన్ టంకశాలకు అనుబంధంగా బొంబాయిలోనూ సవర్నులు కొట్టారు. దాదాపు 13 లక్షలు కొట్టారు, అన్నిటి మీదా 1918 అనే ఉంటుంది. పునీతుడి గుర్రం కింద నేలగీత మీద ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం కనిపిస్తే అది బొంబాయి ముద్ర. ‘ఎస్’ ఉంటే సిడ్నీ, ‘ఎం’ మెల్‌బోర్న్, ‘పి’ పెర్త్, ‘సి’ కెనడాలోని అట్టావా. విక్టోరియా రాణి కాలపు కాసుల్లో కొన్నిటి మీద గుర్రం బదులు డాలు ఉంటుంది. డాలు చూసి నకిలీ అనుకోకండి.

జార్జి కంటే ముందు వచ్చినవాడు సెయింట్ మార్కు. వెనిస్ గణరాజ్యం 1284 నుంచి 1797లో తాను పతనమయ్యే దాకా కొట్టిన డుకాట్ మీద, మోకరిల్లిన పాలకుడికి జెండాకర్ర అందిస్తున్న పునీతుడు ఆయనే. వెనుక చుక్కల మధ్య నిలబడ్డ క్రీస్తు. మిరియాలకూ బట్టకూ బదులుగా ఆ బంగారం మన రేవులకొచ్చింది, మరాఠా స్త్రీల మెడలో పుతళీ హారమైంది. మన దేశపు కంసాలులు దాన్ని చూసి అచ్చులు చేసుకున్నారు. లాటిన్ అక్షరాలు గీతలుగా మారిపోయినా బొమ్మ మాత్రం నిలిచింది. గోవాలో పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలోనే సెయింట్ థామస్ బొమ్మతో బంగారు నాణేలు ముద్రించారు. 

వరలక్ష్మీ వ్రతం నాడు పీఠం మీద పెట్టిన కాసులో క్రైస్తవ పునీతుడు ఉంటే అమ్మవారికి ఏ అభ్యంతరమూ ఉన్నట్టు లేదు. అభ్యంతరం చెప్పాల్సి వస్తే ఉత్తరకోస్తా బాప్టిస్టులే చెప్పాలి. పునీతులను కొలవడం వారి ఆచారంలో లేదు.

ఇలాంటివాళ్ల పేరిట నాణేలు వేసే పని మన ప్రభుత్వమూ చేసింది, బంగారంతో మాత్రం కాదు. 2009లో సెయింట్ అల్ఫోన్సా పేరిట, 2010లో మదర్ థెరిసా శతజయంతికి, 100 రూపాయల, 5 రూపాయల నాణేలు వచ్చాయి. అప్పటికి థెరిసాను పునీతురాలిగా ప్రకటించలేదు. అది 2016లో జరిగింది. ఆ 100 రూపాయల నాణెం 35 గ్రాముల మిశ్రమలోహం, అందులో వెండి సగమే. భక్తితో దాచుకోవడానికి అది చాలు, ధ్రువపత్రపు బంగారం అక్కర్లేదు.

కొట్టువాళ్లకు నా విన్నపం ఒకటి: కుంపటిలో వేసేముందు కాసును రెండువైపులా చూడండి, ఏడాదీ అక్షరమూ చదివి అమ్మేవాళ్లకు చెప్పండి. అమ్మేవాళ్లు గొలుసుకు అతికించిన కొక్కేన్ని గీకించవద్దు, చింతపండుతో తోమవద్దు. సేకర్త చూసే విలువ అక్కడే పోతుంది. విదేశాల్లో మంచి ధర వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. 1918 నాటి బొంబాయి కాసు ఆ లెక్కలోకి ఎప్పుడో వచ్చేసింది.