పెన్‌డ్రైవుల బాధ చాలు, జిల్లాకో ప్యాకేజీ ఆర్కైవు పెట్టుకుందాం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులకు, లెక్చరర్లకు, ల్యాబ్ అసిస్టెంట్లకు విజ్ఞప్తి!

బమ్మెర పోతన మన జనగామ జిల్లావాడు. ఆయన పేరుతో వచ్చిన 'పోతన2000' ఫాంటు డెబియన్ లినక్స్ ప్యాకేజీల ఆర్కైవులో ఏళ్లుగా ఉచితంగా ఉంది. మన ల్యాబులకు మాత్రం అలాంటివన్నీ పెన్‌డ్రైవుల్లోనే వస్తున్నాయి. ఏ వెర్షనో, మధ్యలో ఎవరి చెయ్యి పడిందో అడిగితే జవాబుండదు.

ఆర్కైవు అలా కాదు. ప్యాకేజీలు 'పూల్' ఫోల్డరులో ఉంటే, వాటి సూచికలు 'డిస్ట్స్'లో ఉంటాయి. అందులోని 'ప్యాకేజెస్' ఫైలులో ఒక్కోదానికి ఒక్కో పద్దు: పేరు, వెర్షను, దానికి తోడు ఏమేం కావాలి, పూల్‌లో ఎక్కడుంది, సైజెంత, చెక్‌సమ్ ఎంత. ఆ సూచికల చెక్‌సమ్‌లు మళ్లీ 'రిలీజ్' ఫైలుకెక్కుతాయి. దానిమీద డిజిటల్ సంతకం ఉంటుంది. ప్యాకేజీలో ఒక్క బైటు తేడా వచ్చినా, ప్యాకేజీలు దించే ఏపీటీ పట్టేస్తుంది. పొలం ఉండీ పహాణీకెక్కని రైతు గతేమిటో మనకు తెలుసు. ఆర్కైవులో పడి ఉండీ సూచికకెక్కని ప్యాకేజీ గతీ అంతే.

మరి నేరుగా నెట్ నుంచే తెచ్చుకోవచ్చుగా? డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. కుదించిన సూచిక సుమారు 9 ఎంబీ, ఇంగ్లిషు వివరణల ఫైలు మరో 6. ముప్పై కంప్యూటర్లు కొత్తగా పెడితే, ఒక్క ప్యాకేజీ కూడా దిగకముందే 450 ఎంబీ ఖర్చు!

అందుకే జిల్లా కేంద్రంలో ఒక కాలేజీ బాధ్యత తీసుకోవాలి. ఆర్కైవు మొత్తం అక్కర్లేదు. సిలబస్‌కు కావాల్సినవి, వాటి డిపెండెన్సీలు చాలు. 'రెప్రెప్రో'తోనో 'ఆప్ట్‌లీ'తోనో సూచికలు తయారవుతాయి. ఇలా కొన్నే ఏరి తీసుకున్నాక డెబియన్ సంతకం మన సూచికకు చెల్లదు. మన కీతో మనమే సంతకం చేసి, పబ్లిక్ కీని ప్రతి ల్యాబులో పెట్టాలి. సంతకం సరిచూడకుండా 'ట్రస్టెడ్=ఎస్' అని రాసి తప్పించుకునే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు, పెన్‌డ్రైవుకూ దానికీ తేడా ఉండదు.

అప్‌డేట్‌కు ఒక వరస ఉంది. ముందు కొత్త ప్యాకేజీలు, తర్వాత సూచికలు, పాతవాటి తొలగింపు చివర్న. ఈ వరస తప్పితే ల్యాబంతా 'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్' అని మొత్తుకుంటుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు రోజూ రాత్రి దిగాలి. నెలల తరబడి పాతబడిన ఆర్కైవు ఉండేకన్నా లేకపోవడమే నయం.

ఈ వారమే మీ ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టండి. ఒక కంప్యూటరు, పెద్ద డిస్కు, యూపీఎస్, రాత్రిపూట నెట్ అడగండి. సంతకం చేసే కీ ఎవరి దగ్గర ఉండాలో కూడా అందులోనే రాయించండి.