అయ్యగారి బాధ ఎవరు వినాలి?

నేను పాస్టర్ గారి అమ్మాయిని. బళ్లో పాఠాలు చెప్పీ చెప్పీ తల నెరిసినా మా ఊళ్లో నాకు ఇప్పటికీ అదే పేరు. సత్తెనపల్లి దగ్గర పల్లెలో మందిరం పక్కన రెండు గదుల ఇంట్లో పెరిగాం. ఆ ఇల్లు సంఘానిది. వండుకునే బియ్యమూ సంఘానివే. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం తెచ్చి పోసేవాళ్లు. ఒక్కో ఇంటి బియ్యం ఒక్కో రకం కాబట్టి అమ్మ ఎంత జాగ్రత్తగా వండినా సగం మెతుకులు మెత్తబడేవి, సగం పలుకుగా ఉండిపోయేవి. కూలికి వెళ్లే తల్లులు నోరు కట్టుకుని పెట్టిన ఆ అన్నం తిని పెరిగినందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

అయితే ఆ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. ఉండే ఇల్లు, తినే తిండి, నెల జీతం, పిల్లల ఫీజు ఎవరి చేతుల్లో ఉన్నాయో, పాస్టర్ తన కష్టం చెప్పుకోవాల్సింది కూడా వాళ్లకే. అందుకే చెప్పడు. నలభై ఇళ్ల కన్నీళ్లు వినే మనిషికి తన కన్నీళ్లు వినే ఇల్లు ఒక్కటీ ఉండదు. మన సంఘాలు ఈ సంగతి ఇప్పటికైనా పట్టించుకోవాలని ఇది రాస్తున్నాను.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సంఘాలు స్థూలంగా రెండు తీరులు. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడంతో మొదలైన లూథరన్ సంఘం, 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ. లాంటి పాత సంఘాల్లో పాస్టర్‌కు జీతం ఉంటుంది, బదిలీ ఉంటుంది, పైన అధికారులుంటారు. రెండో తీరు స్వతంత్ర సంఘాలు. అక్కడ పాస్టరే స్థలం చూసి, రేకుల షెడ్డు వేసి, పది కుటుంబాలను పోగుచేసుకుంటాడు. ఆదివారం కానుక సంచిలో పడిందే ఆ వారం జీతం. మొదటి తీరు పాస్టర్ తన మనసు బాగాలేదని పైవాళ్లకు చెబితే రేపు బదిలీ జాబితాలో తన పేరు ఏ మూలకు పోతుందోనని భయం. రెండో తీరు పాస్టర్‌కు పైన ఎవరూ లేరు, ఉన్నవాళ్లంతా తనను నమ్ముకుని వచ్చినవాళ్లే. పైకి చెబితే బదిలీ, కిందికి చెబితే పరువు. రెండు తలుపులూ మూసుకున్నాక మిగిలేది దిండు ఒక్కటే.

పాస్టర్లకేం, కార్లూ టీవీ చానళ్లూ ఉన్నాయిగా అని కొందరంటారు. తెర మీద కనిపించేవాళ్లు గుప్పెడు మంది. మండలాల్లో టీవీఎస్ ఎక్సెల్ బండి మీద, వెనక సీటుకు హార్మోనియమో స్పీకరో కట్టుకుని పోయేవాళ్లు వేలమంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి, జూన్ 8 దాకా మందిరాల తలుపులు మూసేసినప్పుడు వీళ్ల ఇళ్లల్లో కుండలూ మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పుడు అర్చకులతో, ఇమాములతో పాటు పాస్టర్లకూ ఒకసారి అయిదు వేల రూపాయలు ఇచ్చింది. దాని కోసం మండలాఫీసు మెట్లెక్కిన పాస్టర్లను నేను చూశాను. ఇచ్చే చేయిగా బతికినవాడు పుచ్చుకోవడానికి వరసలో నిలబడ్డప్పుడు ఆ ముఖాలు ఎలా ఉన్నాయో మాటల్లో చెప్పలేను. ఆ మరుసటి ఏడు కోవిడ్ రెండో విడతలో సమాధి ప్రార్థనలు ఒకదాని వెంట ఒకటి చేసిందీ ఈ మనుషులే.

ఈ పనిలో బరువు ఎక్కడుందో తెలియాలంటే ఒక్క రోజు సంగతి చెబుతాను. 1987-88లో తెల్లదోమ పడి పత్తి నాశనమైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా సంఘంలో కౌలుకు చేసుకునే ఒక కుర్రాడూ అలాగే పోయాడు. వాడికి బాప్తిస్మం ఇచ్చింది నాన్నే, పెళ్లి చేసిందీ నాన్నే. ఆత్మహత్య చేసుకున్నవాడికి సమాధి ప్రార్థన ఏంటని ఇద్దరు పెద్దలు అడ్డం పడితే, నాన్న వాళ్లతో వాదించి ఒప్పించి, మధ్యాహ్నం రెండింటికి పూడ్చిపెట్టి వచ్చాడు. వాడి భార్య నాన్న కాళ్లు పట్టుకుని వదల్లేదట. సాయంత్రం ఆరింటికి ఇంకో ఇంట్లో బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన. నాన్న స్నానం చేసి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లాడు. అక్కడ పాట పాడాడు, బిడ్డను ఎత్తుకున్నాడు, నవ్వాడు, పెట్టిన పాయసం తిన్నాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు. పాయసమంతా వాంతి చేసుకున్నాడు. అమ్మ నీళ్లు పోస్తుంటే పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగి చూసి, "అయ్యగారూ, మీరే ఇట్టా డీలా పడితే మేమేం గావాల?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాన్న లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆయనకు నిద్ర లేదు. అందరికీ గ్యాస్ నొప్పి అని చెప్పాడు.

గ్యాస్ నొప్పి, నడుం నొప్పి, బీపీ. మన పల్లె పాస్టర్ల దిగులుకు ఇవే మారుపేర్లు. ఇంకో పేరు పెట్టుకుంటే "విశ్వాసం తగ్గింది" అంటారు, లేదా దురాత్మ పట్టిందంటారు, లేదా "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోవాలా?" అని వేళాకోళం చేస్తారు. బీపీ మాత్ర మింగి పుల్పిట్ ఎక్కే పాస్టర్‌ను ఎవరూ అవిశ్వాసి అనరు. అదే మనిషి మనసుకు మందు వాడుతున్నాడని తెలిస్తే వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది. ఇది అన్యాయం. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు.

మనం చదివే బైబిలే ఇలా అనదు. ఏలీయా కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచి, వెంటనే అరణ్యంలోకి పోయి బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఆయన్ని మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. ఉపదేశం తర్వాత సంగతి, ముందు తిండీ నిద్రా. మోషే ఈ జనాన్ని ఒక్కణ్నే మోయలేను, నన్ను చంపేయమని మొరపెట్టుకుంటే, భారం పంచుకోవడానికి డెబ్బై మంది పెద్దలు వచ్చారు. ఈ వాక్యాలు మన పాస్టర్లు మనకెన్నిసార్లు చెప్పి ఓదార్చారో లెక్కలేదు. వాటిని తిరిగి వాళ్లకు వర్తింపజేసే సంఘ పెద్ద మాత్రం అరుదు.

తెలుగు పాస్టర్లు తరచూ తలచుకునే ఇంగ్లిష్ ప్రసంగీకుడు స్పర్జన్ జీవితం చూడండి. 1856 అక్టోబరులో లండన్ సర్రే గార్డెన్స్ హాల్లో ఆయన ప్రసంగం మొదలయ్యాక ఎవరో మంట మంట అని అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు, కుంగుబాటు బతికినంతకాలం వచ్చిపోతూనే ఉంది. దాన్ని ఆయన దాచలేదు. సేవకు తయారవుతున్న తన విద్యార్థులకు అదే విషయం మీద ఒక ఉపన్యాసం ఇచ్చి, సేవకులకు ఇలాంటి కుంగుబాటు వస్తుందని నేర్పాడు. ఆయన ప్రసంగాలు వల్లించే మనం ఆ ఒక్క పాఠం మాత్రం వదిలేశాం.

పాస్టరమ్మ గారి సంగతి ఇంకా ఘోరం. విలియం కేరీని మనం మిషనరీల తండ్రి అంటాం. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన మనిషి కాబట్టి మనకు ఇంకాస్త దగ్గరివాడు. ఆయన భార్య డొరతి మాత్రం ఎందరికి గుర్తుంది? ఇష్టం లేకపోయినా భర్త వెంట బెంగాల్ వచ్చింది. 1794లో అయిదేళ్ల కొడుకు చనిపోయాడు. ఆమె మతి చలించింది. 1807లో శ్రీరాంపూర్‌లో కన్నుమూసేదాకా కోలుకోలేదు. మా అమ్మకు అంత కష్టం రాలేదు, దేవునికి స్తోత్రం. కానీ ఆమె కొత్త చీర కట్టుకుంటే సంఘం డబ్బులంటారు, పాత చీర కట్టుకుంటే సాక్ష్యం లేదంటారు. స్నేహితురాలు అని చెప్పుకోవడానికి ఊళ్లో ఒక్కరు లేరు, ఎందుకంటే ఒకరితో చనువుగా ఉంటే మిగతావాళ్లకు కోపం.

ప్రతి మండలంలో పాస్టర్ల ఫెలోషిప్ ఉందిగా అనొచ్చు. ఉంది, నెలనెలా కలుస్తారు. నాకు తెలిసినంతలో అక్కడ నడిచే మాటలు ఉజ్జీవ సభలకు ఎవర్ని పిలవాలి, ఎవరి సంఘంలో ఎంతమంది చేరారు, స్లాబు ఎంతదాకా వచ్చింది అనేవే. పక్క సంఘం పాస్టర్ ముందు నా సంఘం చీలిపోతోందని ఏడ్చే పాస్టర్ ఎవరుంటారు? కాబట్టి వినేవాడు బయటివాడై ఉండాలి. పదవిలో పైవాడూ కాకూడదు, ఆదివారం కానుక వేసేవాడూ కాకూడదు. పక్క జిల్లాలో రిటైరైన పాస్టర్ కావచ్చు, చదువుకున్న కౌన్సిలర్ కావచ్చు. ఏకాంతం ముదిరి తాగుడుకో, తప్పుడు సంబంధానికో పోయిన సేవకులు ఉన్నారు. వాళ్ల తప్పుకు నేను వత్తాసు పలకను, దెబ్బతిన్నవాళ్ల పక్షాన్నే ఉంటాను. అయితే అంతదాకా రాకముందు అడిగే మనిషి ఒకరుంటే కొన్ని కుటుంబాలైనా నిలిచేవి.

నేనిప్పుడు ఉండే ఊళ్లో సంఘ కమిటీ సభ్యురాలిని. మా పాస్టర్ గారికి సోమవారం సెలవని మేం తీర్మానం రాసుకున్నాం. ఆ రోజు ఎవరికి ఏ అవసరమొచ్చినా ముందు ఒక పెద్దకు ఫోన్ చేయాలి. జీతం ఒకటో తారీఖునే బ్యాంకులో పడుతుంది, కానుకలు తగ్గితే ఆ లోటు కమిటీది. నెలకోసారి ఆయనా పాస్టరమ్మ గారూ వేరే ఊరు వెళ్లి ఒక పెద్దాయనతో మాట్లాడి వస్తారు. బస్సు ఖర్చులు సంఘానివి, ఏం మాట్లాడారని అడిగే హక్కు ఎవరికీ లేదు. మొదట్లో గొణుగుడు బాగానే వచ్చింది. "దేవుని పనికి సెలవేంటమ్మా" అన్నారు. ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకోమన్నది ఎవరో చెప్పండి అన్నాను. ఒక సోమవారం చావు కబురొచ్చింది, ఆయనే చెప్పులేసుకుని వెళ్లారు, ఎవరూ పిలవకుండానే. అందుకు బదులు మంగళవారం సెలవిచ్చాం.

సంఘ పెద్దలకు నా మనవి ఇది. మీ పాస్టర్ గారికి నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని తెలిస్తే ప్రార్థన చేయండి, ప్రార్థనతో ఆపేయకండి. దగ్గరుండి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పాస్టర్ గార్లకూ అదే నంబరు. వచ్చే కమిటీ మీటింగులో సౌండ్ సిస్టం బిల్లు కంటే ముందు పాస్టర్ గారి సెలవు రోజు సంగతి తేల్చండి.