బంతి కొఱకు బడియా?

మన కుటుంబములలో పెక్కింటికి నేడు అమెరికాలో అన్నదమ్ముల బిడ్డలో అక్కచెల్లెండ్ర బిడ్డలో ఉన్నారు. సెలవులకు వచ్చిన ఆ పిల్లలను వారి బడి ముచ్చటలు అడిగినచో, శుక్రవారపు రాత్రులలో జరుగు ఫుట్‌బాలు ఆటల ప్రసక్తి తఱచు వచ్చుచుండును. ఆ ఆట మనమెఱిగిన ఫుట్‌బాలు కాదు. బంతిని చేతబట్టి పరుగిడుట, బంతి గలవానిపై పడి వానిని కూల్చుట అందు ప్రధానము. పక్షమునకు పదునొకండుగురు, తలకు శిరస్త్రాణము, భుజములకు మెత్తల కవచము. ఇంత రక్షణ యున్నను దెబ్బలు తగులుట తప్పదు. చిన్న పట్టణములలో హైస్కూలు ఆట యున్న రాత్రి ఊరు ఊరంతయు మైదానమునకు తరలినట్లుండును.

ఇట్టి ఆటలో మంచి ఆటగానికుండు విలువ వేఱుగా చెప్పనక్కరలేదు. మిక్కిలి బాగుగా ఆడువానిని కళాశాలలు చదువు ఖర్చంతయు భరించి చేర్చుకొనును. గెలిచిన బడికి పేరు వచ్చును. పేరు వెంట విరాళములు వచ్చును. అందుచేత ఒక బడివారు మఱియొక బడికి పోవలసిన కుర్రవానికి ఆశ చూపి తమ వైపు త్రిప్పుకొన్నారను అభియోగము ఏటేటా ఏదో యొక రాష్ట్రమున వినవచ్చుచునే యున్నది. ఈ తగవును సాధారణముగా గెలిచిన బడికిని ఓడిన బడికిని నడుమ తగవుగా చెప్పుదురు. అట్లు చెప్పుటయే పొరపాటని నా అభిప్రాయము. ఇందు మూడవ పక్షమొకటి యున్నది. అది పదునాలుగేండ్ల బాలుడు. న్యాయమును కొలువవలసినది వాని వైపునుండి.

ముందుగా అచ్చటి యేర్పాటు తెలిసికొనవలెను. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాలునకు దేశవ్యాప్తమైన అధికార విజేత లేడు. ప్రతి రాష్ట్రమునకును తన క్రీడాసంఘము తనకు కలదు. విద్యార్థుల సంఖ్యనుబట్టి బడులను తరగతులుగా విభజించి, సమానులకు సమానులతో పోటీ పెట్టుట సాధారణ పద్ధతి. చిక్కు ఇచ్చటనే యున్నది. ప్రభుత్వ పాఠశాల చాలవఱకు తన హద్దులలో నివసించు కుటుంబముల బిడ్డలనే చేర్చుకొనును. ప్రైవేటు పాఠశాలకు హద్దు లేదు. అది ఎచ్చటి బాలునైనను చేర్చుకొనవచ్చును. బీదవాడైనచో జీతము తగ్గింపవచ్చును. సంఖ్యలో రెండును సమానమే కావచ్చును. కాని ఒకటి తన చెఱువులో చేపలు పట్టునది, రెండవది సముద్రమున వల వేయునది.

ఈ అసమానతను సరిదిద్దుటకు రాష్ట్రములు పలు పాట్లు పడినవి. అలబామా సంఘము 1999లో ప్రైవేటు పాఠశాలల విద్యార్థుల సంఖ్యను 1.35తో హెచ్చించి లెక్కించు నియమమును తెచ్చెను. 400 మంది యున్న బడిని 540 మంది యున్నదానిగా ఎంచి, అవసరమైనచో పై తరగతిలో ఆడించుట దాని ఉద్దేశము. టెనెసీలో విద్యార్థులకు ఆర్థిక సహాయమిచ్చు ప్రైవేటు పాఠశాలలకు 1997లో వేఱు విభాగమేర్పడెను. ఒహాయోలో పోటీ సమతుల్యతను గూర్చిన ప్రతిపాదనలను సభ్యపాఠశాలలు 2011, 2012, 2013 సంవత్సరములలో వరుసగా త్రోసిపుచ్చి, తుదకు 2014లో అంగీకరించినవి. దానినిబట్టి, ఆటగాండ్రలో ఎందఱు ఎచ్చటినుండి వచ్చిరను విషయము కూడ బడి తరగతిని నిర్ణయించుటలో లెక్కకు వచ్చును. ఇవి యన్నియు ఆలోచించి చేసిన పనులే. వానిని నేను తప్పుపట్టను. కాని ఈ త్రాసులలో తూచినది జట్లను. బాలుని మేలు వానిలోనికి రాలేదు.

బాలుని ప్రసక్తి స్పష్టముగా వచ్చినది ఒక వ్యాజ్యమున. నాష్‌విల్ నగరము ప్రక్కనున్న బ్రెంట్‌వుడ్ అకాడమీ యను ప్రైవేటు పాఠశాలలోని ఫుట్‌బాలు శిక్షకుడు, 1997లో, తమ బడిలో చేరుటకు ఒప్పుకొనియున్న ఎనిమిదవ తరగతి బాలురకు ఉత్తరములు వ్రాసెను. వసంతకాలపు అభ్యాసమునకు రావచ్చునని, ఎంత త్వరగా వచ్చిన అంత మేలని వాని సారాంశము. టెనెసీ క్రీడాసంఘము దీనిని నియమోల్లంఘనముగా నెంచి 3,000 డాలర్ల జుల్మానా, నాలుగేండ్ల పర్యవేక్షణ, ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు జట్లకు రెండేండ్లు తుది పోటీలనుండి బహిష్కారము విధించెను. బడివారు కోర్టుకెక్కిరి. వ్యాజ్యము రెండు మార్లు అమెరికా సుప్రీంకోర్టు వఱకు పోయెను. ఆ సంఘము ప్రభుత్వాంగము వంటిదే కావున రాజ్యాంగమునకు లోబడియుండవలెనని 2001లోను, ఈ నియమమును అమలు జరుపుట వాక్స్వాతంత్ర్యమునకు భంగము కాదని 2007లోను న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఆ రెండవ తీర్పులోని యుక్తి గమనింపదగినది. పాఠశాల తన గొప్పతనమును లోకమునకు చాటుకొనుటను ఎవరును వారింపలేదు. కాని శిక్షకుడంతటివాడు చిన్నపిల్లలను ఏరి, సూటిగా పిలుచుట వేఱు సంగతి. ఆ పిలుపు పిల్లవానికి ఆహ్వానము వలె గాక ఆజ్ఞ వలె తోచును. దానికి కాదనుటకు వానికి వయస్సు చాలదు. నియమము ఓడిన బడికొఱకు గాక పిల్లవాని కొఱకు పుట్టినదను భావము ఇందు కలదు. అయినను పదేండ్లు నడచిన ఆ వ్యాజ్యము ముగియునప్పటికి, ఆ ఉత్తరములు అందుకొన్న బాలురు ఇరువది యేండ్లు దాటిన యువకులైరి. పెద్దల తగవు తీరువఱకు పిల్లల బాల్యము ఆగియుండదు.

రెండవ ఉదాహరణము ఇంత సులభమైనది కాదు. మేరీలాండు రాష్ట్రమున బాల్టిమోరు నగరములో సెయింట్ ఫ్రాన్సిస్ అకాడమీ యను పాఠశాల కలదు. ఆ రాష్ట్రమున బానిసత్వము చట్టసమ్మతమై యున్న 1828లో, మేరీ లాంజ్ అను నల్లజాతి వనిత నల్లజాతి బిడ్డలకు చదువు చెప్పుటకై ప్రారంభించిన బడి అది. ఇటీవలి కాలమున ఒక ధనవంతుడైన వ్యాపారి దాని ఫుట్‌బాలు శిక్షకుడై, తన సొమ్మును వెచ్చించి, జట్టును బలపఱచెను. అది తన లీగులో ఎదురులేని జట్టయ్యెను. 2018లో అదే లీగులోని ఇతర పాఠశాలలు, తమ ఆటగాండ్రకు గాయములగునను భయమును కారణముగా చెప్పి, దానితో ఆడుటకు నిరాకరించినవి. అంతట ఆ జట్టు ఇతర రాష్ట్రములకు పోయి పోటీలు వెదకికొనవలసి వచ్చెను.

ఇందు రెండు నిజములున్నవి. బలమునందు మిక్కిలి తేడా గల బాలురు ఒకరినొకరు ఢీకొనుట అపాయమే. తమ పిల్లల క్షేమమునకై వెనుకాడిన బడిని పిఱికిదని ఎగతాళి చేయరాదు. కాని అట్లు నిరాకరించినవియు ప్రైవేటు పాఠశాలలే. వానికిని హద్దులు లేవు. కలవారి బడి వల వేసినప్పుడు లేని అపరాధము లేనివారి బడి పెద్ద వల వేసినప్పుడు ఎట్లు పుట్టినదని ఒకడు ప్రశ్నించినచో, దానికి సులభమైన సమాధానము లేదు. బీదపేటలో పెరిగిన బాలునికి ఆట మూలమున మంచి బడి, భోజనవసతి, కళాశాలకు దారి లభించుచుండగా, "నీ హద్దులోనే యుండుము" అని చెప్పుటకు మనమెవరము? ధనికుడు తన కుమారునికి నచ్చిన బడి ప్రక్కన ఇల్లు తీసికొని కాపురము మార్చును. దానిని లోకము నివాసము మార్చుకొనుట యనును. బీదవానిని ఒకరు చేయిపట్టి తీసికొనివచ్చినచో ఆటగానిని ఎత్తుకొనివచ్చుట యనును. ఈ రెండు కొలతలు న్యాయము కావు.

అయితే ఆ దయకొఱకు తెఱచిన ద్వారమున మోసగాడును ప్రవేశింపగలడు. 2021 ఆగస్టు 29వ తేదీన ఒహాయోలోని కాంటన్ నగరమున, బిషప్ సికమోర్ అను పేరుగల జట్టు ఫ్లోరిడాలోని ఐ.ఎం.జి. అకాడమీ జట్టుతో తలపడెను. ఐ.ఎం.జి. క్రీడాశిక్షణకు పేరుపొందిన వసతి పాఠశాల. పలు రాష్ట్రములనుండి ఆటగాండ్రు అందు చేరుదురు. ఆటను ఇ.ఎస్.పి.ఎన్. టెలివిజనులో దేశమంతటికి చూపెను. ఫలితము 58–0. ఆట నడుచుచుండగనే వ్యాఖ్యాతలు ఓడుచున్న బాలుర క్షేమమును గూర్చి కలవరపడిరి. ఆ జట్టు రెండు దినములకు ముందే మఱియొక ఆట ఆడియున్నదని తరువాత బయటపడెను. గవర్నరు కోరికపై ఒహాయో విద్యాశాఖ విచారణ జరిపి, ఆ యేడు డిసెంబరులో నివేదిక వెలువరించెను. అది బడి కాదు, మోసమని తేల్చెను. రాజ్యపర్యవేక్షణను మతవిశ్వాసకారణముచే కోరని పాఠశాలల కొఱకు చట్టము విడిచిన సందును ఆ సంస్థ వాడుకొన్నది. బడి పేరున్నది, జట్టున్నది. చదువు మాత్రము లేదు. భవిష్యత్తును ఆశించి వచ్చిన బాలురకు మిగిలినది ఆ దినపు అవమానము.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక కొలత దొరకును. ఆటలో బాలుని మోకాలు విరిగినదనుకొందము. మఱునాడు వానికి ఆ బడిలో చోటున్నదా? జీతపు రాయితీ నిలుచునా? వానికి పాఠము చెప్పువారున్నారా? ఉన్నచో వాడు విద్యార్థి. ఆట వానిని ఆ బడికి చేర్చిన దారి మాత్రమే. లేనిచో వాడు కూలివాడు; కూలి కూడ ముట్టని కూలివాడు. ఈ కొలతకు బిషప్ సికమోర్ ఒక్క క్షణము కూడ నిలువలేదు. సెయింట్ ఫ్రాన్సిస్ వంటి బడిని ఆట ఫలితముతో కొలువరాదు. ఆటకొఱకు వచ్చినవారిలో ఎందఱు చదువు ముగించి వెడలిరను లెక్కతో కొలువవలెను. బ్రెంట్‌వుడ్ ఉత్తరమును గూర్చియు అడుగవలసినది ఇదియే: ఆ పిలుపు పిల్లవాని చదువునకై వచ్చినదా, జట్టులోని ఖాళీకై వచ్చినదా?

పక్షములు సమానముగా లేనిచో ఆటకు అర్థమేమున్నదని కొందఱందురు. ఆ మాట నిజమే. కాని ఒక జట్టు అన్యాయముగా ఓడినచో పాడగునది ఒక రాత్రి, మహా అయినచో ఒక సంవత్సరము. బాలుడు వంచితుడైనచో పాడగునది వాని బ్రతుకు. మఱికొందఱు స్వేచ్ఛను ముందునకు తెత్తురు. ఫ్లోరిడా 2016లో చేసిన చట్టమున, ఖాళీ యున్న ఏ ప్రభుత్వ పాఠశాలకైనను విద్యార్థి మాఱి, వెంటనే ఆటలో దిగవచ్చునని ఏర్పాటు చేసెను. కుటుంబమునకు బడిని ఎన్నుకొను స్వేచ్ఛ యుండుట మంచిదే. కాని కుటుంబము పోవు స్వేచ్ఛ వేఱు, శిక్షకుడు పిలుచు స్వేచ్ఛ వేఱు. ఏటికొక బడి మాఱిన బాలుడు జట్టును కలిసికొనగలడు గాని విడిచిన పాఠమును కలిసికొనలేడు.

కావున నియమములు చేయువారు నాలుగు సంగతులను ముందుంచుకొనుట మేలని నాకు తోచుచున్నది. ఆటగానికిచ్చిన ఆర్థిక సహాయము, వాడు ఆడినను ఆడకున్నను, చదువు ముగియువఱకు నిలువవలెను. ఆ సహాయమును నిర్ణయించుటలో శిక్షకునికి చేయి యుండరాదు. బయటినుండి వచ్చిన ఆటగాండ్రలో ఎందఱు పట్టము పొందిరో ప్రతి బడియు ఏటేటా ప్రకటింపవలెను. జట్టును మైదానమునకు తెచ్చు ప్రతి సంస్థయు తాను బడియని ముందుగా రుజువు చేయవలెను; టెలివిజనువారు కూడ ఆ రుజువు చూచియే ఆటను చూపవలెను. ఈ నాలుగును జరిగినచో హెచ్చవేతల లెక్కలకు కూడ విలువ వచ్చును. జరుగనిచో అవి జట్ల తూకమునకే గాని బిడ్డల రక్షణకు పనికిరావు.

ఇది దూరదేశపు ముచ్చటయని మనము ఊరకుండరాదు. మన దేశమున పాఠశాలల ఫుట్‌బాలునకు సుబ్రతో కప్పు 1960 నుండి కలదు. మన పాఠశాలల ఆటలలో హద్దుల తగవు కంటె వయస్సు తగవు పెద్దది. అచ్చట బాలుని బడి హద్దు దాటింతురు. ఇచ్చట పుట్టిన తేదీని దాటింతురు. దొంగ ధ్రువపత్రముతో పెద్దవాడొకడు దిగినచో, నిజమైన వయస్సు గల బాలుడొకడు గట్టున కూర్చుండును. పేరులు వేఱు గాని రెండును ఒకే జబ్బు: బడి బిడ్డకొఱకున్నదను మాటను మఱచుట.

మన యింటి పిల్లవానికి అమెరికాలో గాని ఇచ్చట గాని ఆట మూలమున ఒక బడినుండి పిలుపు వచ్చినచో సంతోషింతము. కాని సంతకము చేయుటకు ముందు ఆ పెద్దమనుష్యుని ఎదుట కూర్చుండబెట్టుకొని ఒక్క ప్రశ్న అడుగుదము: "అయ్యా, మావాని కాలు విరిగినచో మీ బడిలో వాని సంగతి యేమి?" సమాధానము కాగితముమీద వ్రాసియిచ్చినచో పంపుదము. మాటలతో సరిపుచ్చినచో, చేతులు జోడించి నమస్కరించి, ఉన్న బడిలోనే ఉంచుకొందము.