పైన పటారం, బానెట్ కింద లొటారం

అమెరికాలో మనవాళ్ళకి ఒక వరస ఉంది. ముందు సెకండ్‌హ్యాండ్ క్యామ్రీ, తర్వాత ఇల్లు, తర్వాత పెద్ద ఎస్‌యూవీ, ఆ తర్వాత టెస్లా. ఈ మధ్య ఆ వరసలో ఇంకోటి చేరుతోంది. 1960లు, 70ల నాటి మజిల్ కారు. అదీ తుప్పుపట్టిన డొక్కు కొని బాగుచేయించుకునే రకం కాదు. ఎవరో ముందే రీస్టోర్ చేసి, అద్దంలా మెరిపించి, ముప్ఫై ఫోటోలు తీసి అమ్మకానికి పెట్టిన కారు.

కొనొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఎవరి డబ్బు వాళ్ళిష్టం. నా గొడవల్లా "రీస్టోర్డ్" అన్న ఒక్క మాట నమ్మి ఎనభై వేల డాలర్లు చేతిలో పెట్టేసే తీరు గురించి. ఆఫీసులో మూడు లైన్ల మార్పుని ఇద్దరు రివ్యూ చేస్తే గానీ మెర్జ్ కానివ్వని మనుషులు, ఇక్కడ మాత్రం పెయింట్ చూసి సంతకం పెట్టేస్తారు. ఇదెక్కడి ఇంజనీరింగో నాకర్థం కాదు.

ముందు మజిల్ కారంటే ఏంటో రెండు ముక్కల్లో. మధ్యస్థంగా ఉండే మామూలు కారులో పెద్ద కారు ఇంజన్ పెట్టేసి కుర్రకారుకి అందుబాటు ధరలో అమ్మడం. 1964లో పాంటియాక్ వాళ్ళు టెంపెస్ట్‌లో 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ పెట్టి జీటీఓ అన్నారు. ఆ సైజు కారులో 330కి మించి పెట్టకూడదని జనరల్ మోటార్స్‌కి అప్పట్లో సొంత నియమం ఉండేది. కొత్త మోడల్ అంటే పైవాళ్ళ అనుమతి కావాలి కాబట్టి, దాన్ని ఉన్న మోడల్‌కే ఒక ఆప్షన్ ప్యాకేజీగా పెట్టి దాటించేశారు. ఈ "ఆప్షన్ ప్యాకేజీ" అన్న మాట గుర్తు పెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది. ఆ ఊపు పదేళ్ళు కూడా నిలవలేదు. ఇన్సూరెన్సు ప్రీమియాలు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం కలిసి దాని కథ ముగించాయి.

ఇప్పుడు అసలు విషయం. "సొంతంగా రీస్టోర్ చేయించుకోవడం కన్నా చేసేసింది కొనడమే లాభం" అంటారు. నూటికి నూరుపాళ్ళు నిజం. లెక్క వేసి చూడండి. బాడీ మొత్తం విప్పి చేసే పనికి వెయ్యి గంటలు పట్టిందనుకుందాం, గంటకి వంద డాలర్లు అనుకుందాం. కూలీయే లక్ష డాలర్లు. పైన విడిభాగాలు, ఇంజన్ పని, క్రోమ్, సీట్లు. అంతా అయ్యాక ఆ కారు మార్కెట్లో చాలాసార్లు ఖర్చంత కూడా పలకదు. అంటే పాత యజమాని నష్టం మనకి డిస్కౌంట్ అన్నమాట. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడొస్తుందంటే, ఆ డిస్కౌంట్ రావాలంటే ఆ వెయ్యి గంటల పని నిజంగా జరిగి ఉండాలి కదా! జరిగిందని మీకెవరు చెప్పారు? అమ్మేవాడు.

"రీస్టోర్డ్" అనే మాటకి స్పెసిఫికేషన్ లేదు. చట్టంలో నిర్వచనం లేదు. బాడీని ఫ్రేమ్ నుంచి విడదీసి, చివరి బోల్టు వరకూ విప్పి బిగించినవాడూ రీస్టోర్డ్ అనే అంటాడు. కుళ్ళిన రేకు మీద బాండో మెత్తి, సాండ్‌పేపర్ కొట్టి, ఎర్ర రంగు వేసి, సీట్ కవర్లు మార్చినవాడూ రీస్టోర్డ్ అనే అంటాడు. కొత్త పెయింట్ కింద రెండూ ఒకేలా ఉంటాయి, మొదటి రెండేళ్ళు. ఆ తర్వాత వెనక చక్రాల పైన బుడగలు లేస్తాయి. అప్పటికి చెక్కు ఎప్పుడో క్లియరై ఉంటుంది.

ఆ కాలపు కార్లు ఎక్కడ కుళ్ళుతాయో అందరికీ తెలిసిందే. వెనక క్వార్టర్ ప్యానెళ్ళ అడుగు, డిక్కీ నేల, ముందు వెనక అద్దాల చుట్టూ ఉండే గాడి. వినైల్ టాప్ ఉంటే దాని కింద. మస్టాంగ్ అయితే ముందు అద్దం కింద గాలి లోపలికొచ్చే కౌల్ భాగం, నేల పక్కన టార్క్ బాక్సులు. షెవెల్ అయితే బాడీ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంట్లు. చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి ఈ చోట్ల పెట్టి చూడండి, అంటుకోకపోతే కింద రేకు లేదు, మట్టి ఉంది. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే ఇంకా మంచిది. వీటికి పీహెచ్‌డీ అక్కర్లేదు, మోకాళ్ళ మీద కూర్చునే ఓపిక చాలు.

దీనికన్నా ముఖ్యమైనది పని జరుగుతున్నప్పటి ఫోటోలు. రేకు కోసినప్పుడు, వెల్డింగ్ చేసినప్పుడు, ప్రైమర్ వేయకముందు తీసినవి. నిజంగా లక్ష డాలర్ల పని చేయించినవాడు ఫోటో తీయకుండా ఉండడండీ. మనిషి స్వభావం అది. కమిట్ హిస్టరీ లేకుండా ఎవరో ఒక జిప్ ఫైలు తెచ్చి "మొత్తం రీఫ్యాక్టర్ చేశాను" అంటే మీరు ప్రొడక్షన్లో పెడతారా? మరి ఇక్కడెందుకు పెడుతున్నారు?

రెండో తగాదా గుర్తింపు గురించి. మా టీంలో ఒకాయన 1970 షెవెల్ ఎస్ఎస్ 454 మీద మనసు పడ్డాడు. బిల్డ్ షీట్ ఉందా అని అడిగాను. "విన్ నంబర్ చెక్ చేశాను, క్లీన్" అన్నాడు. అయ్యా, 1970 షెవెల్ విన్ నంబర్ అది వీ8 మాలిబు అని చెప్తుంది, ఏ ఫ్యాక్టరీలో తయారైందో చెప్తుంది. ఎస్ఎస్ అవునో కాదో చెప్పదు! 1966 నుంచి 68 దాకా ఎస్ఎస్ 396కి విడిగా సిరీస్ నంబర్ ఉండేది. 1969 నుంచి ఎస్ఎస్ అనేది మాలిబు మీద ఒక ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇదే. కాబట్టి మామూలు మాలిబు తెచ్చి, క్యాటలాగులో దొరికే ఎస్ఎస్ బ్యాడ్జీలు, హుడ్, గ్రిల్, ఇంకెక్కడిదో 454 ఇంజన్ బిగిస్తే, విన్ నంబర్ నోరు మూసుకుని కూర్చుంటుంది.

బిల్డ్ షీటంటే ఫ్యాక్టరీలో కారుతో పాటు లైన్ మీద నడిచిన కాగితం. అదృష్టముంటే పెట్రోల్ ట్యాంక్ పైనో సీటు కిందో ఇంకా దొరుకుతుంది. ఇంజన్ బ్లాక్ మీద రెండు, మూడు అక్షరాల కోడ్ ఉంటుంది. 450 హార్స్ పవర్ ఎల్ఎస్6 ఇంజన్, మాన్యువల్ గేర్లయితే 1970 షెవెల్‌లో అది సీఆర్‌వీ. దాని పక్కన కారు విన్‌లో కొంత భాగం కొట్టి ఉంటుంది. పోత పోసిన తేదీ కారు తయారైన తేదీ కన్నా కొంచెం ముందుండాలి, తర్వాత ఉండకూడదు. అలాగని ఆ అంకెలే వేదం కాదు. ఆ ఉపరితలం నున్నగా గీకేసి కొత్త నంబర్లు గుద్దే పనిమంతులు చాలామందే ఉన్నారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులున్న 1970 ఎస్ఎస్ కనపడితే నవ్వుకుని వచ్చేయండి, ఎందుకంటే ఆ ప్యాకేజీలో ముందు డిస్క్ బ్రేకులు కలిసే వచ్చేవి.

అన్ని కంపెనీలూ ఇంత అయోమయం కాదు. 1967 తర్వాతి ఫోర్డ్ అయితే ఫ్యాక్టరీ రికార్డుల నుంచి మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. పాంటియాక్ అయితే పీహెచ్ఎస్ కాగితాలు. 1970 క్రిస్లర్ కార్లయితే విన్‌లోనే ఇంజన్ అక్షరం ఉంటుంది, ఆర్ అంటే 426 హెమీ. ఇవి తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చు మీరు ఆ కారుకి కొనే కవర్ ధర కన్నా తక్కువ. అయినా తెప్పించుకోరు!

క్లోన్ కారు కొనడం పాపమా? కానే కాదు. బాగా కట్టిన క్లోన్ నడపడానికి అసలుదానంత మజాగానే ఉంటుంది, ఎక్కడ గీత పడుతుందోనన్న దిగులు కూడా తక్కువ. క్లోన్‌కి క్లోన్ ధర ఇవ్వండి. అసలుదాని ధర ఇచ్చి క్లోన్ తెచ్చుకోవడమే తెలివితక్కువ.

మూడోది. "రీస్టోర్ చేశాక మూడొందల మైళ్ళే తిరిగిందండీ" అని అమ్మేవాడు గర్వంగా చెప్తాడు, మనవాడు మురిసిపోతాడు. నాకైతే ఆ మాట వింటే భయమేస్తుంది. మొత్తం విప్పి బిగించిన ప్రతి యంత్రంలోనూ బగ్స్ ఉంటాయి. కారే సీళ్ళు, ఎర్తింగ్ సరిగ్గా లేని వైర్లు, ట్రాఫిక్‌లో మరిగే రేడియేటర్, వేడెక్కాక స్టార్ట్ కాని ఇంజన్. ఇవన్నీ మొదటి వెయ్యి, రెండు వేల మైళ్ళలో బయటపడతాయి, ఎవరో ఒకరు ఓపిగ్గా సరిచేస్తారు. మూడొందల మైళ్ళ కారంటే ఆ ఎవరో ఒకరు మీరే. పైగా ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న కారులో పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలనీ, కార్బ్యురేటర్‌నీ ఏం చేసి ఉంటుందో దేవుడికెరుక. నన్నడిగితే, పెయింట్ మీద రెండు గీతలున్నా పర్లేదు, యజమాని ఐదేళ్ళుగా ప్రతి వారం నడిపిన కారు మేలు. మెరిసేదాన్ని చూడటానికి మ్యూజియం ఉంది.

నాలుగోది, ఎంత బాగా రీస్టోర్ చేసినా అది 1970 కారు అయ్యింది, 2020 కారు కాలేదు. ఎయిర్‌బ్యాగులు లేవు. ఏబీఎస్ లేదు. పిల్లల సీటు బిగించే కొక్కేలు అమెరికాలో తప్పనిసరి అయ్యింది 2000 ప్రాంతంలో, ఇందులో అవి ఉండవు. వెనక సీట్లో నాలుగేళ్ళ పిల్లని కూర్చోబెట్టి ఫ్రీవే మీద డెబ్భైలో వెళ్తానంటే నేను మర్యాదగా మాట్లాడలేను. బ్రోషర్‌లోని 450 హార్స్ పవర్ కూడా ఆ రోజుల గ్రాస్ లెక్క. ఎయిర్ క్లీనరూ, అసలు సైలెన్సరూ లేకుండా బల్ల మీద కొలిచింది. 1972 నుంచి నెట్ లెక్క వచ్చాక అందరి అంకెలూ కిందికి దిగాయి.

ఇక అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండే మాట, "ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్". ఈ మాట ఎవరి కోసం పుట్టిందో నాకు తెలుసు, ఇంట్లో ఆవిడ కోసం. 2014లో ఒక 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది, నిజమే. అలాంటివి ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. దాన్ని చూపించి, లక్షల్లో తయారైన మామూలు కారుకి రెక్కలొస్తాయనుకోవడం, పక్కింటాయన స్టార్టప్ అమ్ముడుపోయిందని మన స్టాక్ ఆప్షన్లని లెక్కపెట్టుకోవడం లాంటిది. టీవీలో వేలాలు చూసి 2000లలో ఎగబడిన జనమే 2008 తర్వాత ధరలు పడిపోతే బిక్కమొహం వేశారు. ఇంకోటి ఆలోచించండి. 1970లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఆ కారు కల. ఆ కుర్రాడికి ఇప్పుడు డెబ్భై దాటాయి. రేపు ఆయన గరాజ్ ఖాళీ చేసేటప్పుడు, అదే కల ఉన్నవాళ్ళు ఎంతమంది మిగులుతారు?

మనలో చాలామంది దాచిపెట్టే విషయం ఇంకొకటి. మీరు హెచ్-1బి మీద ఉన్నారనుకోండి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి గరిష్ఠంగా అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో ఇల్లు, పిల్లల బడి, సామాను. వాటి మధ్యలో సరైన కొనుగోలుదారు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిన ఒక పాత కారు. అప్పుడొచ్చే డీలర్‌కి మీ తొందర మీ మొహంలోనే కనిపిస్తుంది, సగం ధర చెప్తాడు. అప్పు చేసి కొన్నదైతే ఇక చెప్పక్కర్లేదు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాడు ఈ కారుకి పెట్టే డబ్బు, రేపు పొద్దున పూర్తిగా పోయినా నిద్ర పట్టేంత డబ్బై ఉండాలి. లేదంటే వద్దు. ఇందులో బేరం లేదు.

"మనసుకి నచ్చిన దానికి లెక్కలేంటి గురూ?" అంటారని తెలుసు. మనసు మాట నేను కాదనను. కానీ అమ్మేవాడు మీకు మనసు అమ్మట్లేదు కదా! 454 అంటున్నాడు, ఎస్ఎస్ అంటున్నాడు, మ్యాచింగ్ నంబర్స్ అంటున్నాడు. ఒక్కో మాటకీ ఇన్ని వేలని రేటు కడుతున్నాడు. అతను అంకెలు అమ్ముతుంటే మీరు మాత్రం కవిత్వంతో కొంటానంటే ఎలా?

కాబట్టి నా లెక్క ఇది. కాగితాలు, పని ఫోటోలు, బిల్లులు ఉంటే దాని ధర దానికివ్వండి, సంతోషంగా ఇవ్వండి. లేకపోతే, ఏ కథ చెప్పినా, మామూలు మాలిబు ధర. కొనేముందు మీకు గానీ అమ్మేవాడికి గానీ సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌కి కొన్ని వందల డాలర్లిచ్చి లిఫ్ట్ మీద చూపించండి. మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. ముప్ఫై మైళ్ళు నడపండి, ఆపండి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఇన్సూరెన్సు "అగ్రీడ్ వాల్యూ" పాలసీయే తీసుకోండి. "ఇంకొకాయన రేపే వస్తున్నాడు" అని తొందరపెడితే, ఆ ఇంకొకాయన్నే కొనుక్కోనివ్వండి. ఆ కారు యాభై ఏళ్ళు ఆగింది, మీకోసం ఇంకో వారం ఆగలేదా?

మా టీం ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. బిల్డ్ షీట్ అడిగితే, అమ్మేవాడు ఇంకో పాతిక ఫోటోలు పంపించాడట. అన్నీ పెయింటువే.