బావిని పూడ్చకండి బాబూ!

వేటపాలెంలో పంపుల్లో నీళ్లు గడ్డకట్టవు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే మా వీధి అరుగుల మీది పెద్దమనుషులు నన్ను బతకనివ్వరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకుంటే ‘హమ్మో’ అనిపిస్తుందే గానీ, ఆ నీళ్లు రాయిలా మారి గొట్టంలో ఇరుక్కుపోవడమన్నది మన పంచాంగంలో లేదు. ఎండాకాలమంటారా, మేడమీది నల్ల ట్యాంకులోంచి మిట్టమధ్యాహ్నం వచ్చే నీళ్లు చేతిమీద పోసుకుంటే చెయ్యి వెనక్కి లాక్కోవలసిందే.

అయినా ఇవాళ నా గొడవంతా గొట్టంలో గడ్డకట్టిన నీళ్ల గురించే. ఎందుకంటే మా అబ్బాయి పెరట్లో బావి పూడ్చేస్తానంటున్నాడు.

ఆ రెంటికీ సంబంధమేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

మా అమ్మాయి డాలస్ పక్కన కాపురముంటోంది. ఆ ఊళ్లో తెలుగు మాట వినపడని వీధి లేదంటుంది. ఎండలు కూడా మన ఒంగోలుకేమీ తీసిపోవట. అలాంటి చోట 2021 ఫిబ్రవరి 16న చలి మైనస్ 19 డిగ్రీలకు దిగింది. అంతకు ముందురోజు తెల్లవారకముందే కరెంటు తీసెయ్యడం మొదలుపెట్టారు. టెక్సాస్ మొత్తంలో 45 లక్షల ఇళ్లకు పైగా చీకట్లో పడ్డాయి. ఆ రాత్రి ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే సాగితే రాష్ట్రం కరెంటు వ్యవస్థ మొత్తం కుప్పకూలి, వారాల తరబడి లేచేది కాదని తరవాత వాళ్లే చెప్పుకున్నారు.

కరెంటు పోతే ఇంట్లో వెచ్చదనం పోయింది. వెచ్చదనం పోతే గొట్టాల్లో నీళ్లు బిగిశాయి. మా అమ్మాయి ఫోను చేసి, “నాన్నా, పంపు తిప్పితే ఒక్క చుక్క రావడం లేదు, అటకమీద మాత్రం టప్‌మని ఏదో చప్పుడయింది” అంది. కాసేపటికి పైకప్పులోంచి ధార.

“మెయిన్ వాల్వు కట్టెయ్యమ్మా!”

“అదెక్కడుంటుంది నాన్నా?”

అల్లుడు కంప్యూటర్లలో దిట్ట. అమ్మాయి ఎమ్మెస్ చేసింది. ఆ ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నారు. నీళ్లు ఎక్కడ ఆగుతాయో ఇద్దరికీ తెలియదు! వాళ్లననడం దేనికి, పిల్లకి ఎక్కాలూ శ్లోకాలూ నేర్పినవాణ్ణి, ఇల్లు కొనగానే ముందు వాల్వు చూసుకోవాలని ఒక్క మాట నేర్పలేదు. వాల్వు దొరికేసరికి కార్పెట్టు మీద పాదం మునిగింది.

నీళ్లు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. కానీ గొట్టం పగిలేది ముఖ్యంగా గడ్డ ఒరుసుకోవడం వల్ల కాదు. గడ్డకీ మూసిన పంపుకీ మధ్య చిక్కుకున్న నీటికి ఎటూ దారిలేక, ఒత్తిడి పెరిగి, గడ్డ లేనిచోట గొట్టం చిట్లుతుంది. అందుకే చలి ముంచుకొచ్చే రాత్రి పంపుని సన్నధారగా వదిలిపెట్టమంటారు. బిగిసిపోయాక పంపు తెరిచి ఉంచి, పంపు వైపునుంచి మొదలుపెట్టి గడ్డ వైపు మెల్లగా, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతోనో వేడినీటి గుడ్డతోనో వెచ్చబెట్టాలి. మంట పెట్టకూడదు. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. చలిదేశాలవాళ్లకి కొట్టినపిండి.

ఇక్కడే నాకు మంట. “ప్రకృతి కదండీ, ఏం చేస్తాం!” అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చికాగోలో అలాంటి చలి కొత్తేమీ కాదు. అక్కడ నీటి గొట్టాలు అయిదడుగుల లోతున పాతిపెడతారు. ఇంట్లో వెచ్చటి గోడల మధ్యనుంచి తిప్పుతారు. టెక్సాస్‌లో ‘మనకి చలేమిటి’ అని అటకమీదా బయటిగోడల్లోనూ లాగారు. తప్పు చలిది కాదు, ధీమాది. పోనీ తెలియక చేశారా అంటే, 2011 ఫిబ్రవరిలో ఇలాంటి దెబ్బే ఒకటి తిన్నారు. కరెంటు కేంద్రాలకీ గ్యాసు బావులకీ చలికోటు తొడగండని అప్పుడే కేంద్రప్రభుత్వ నివేదిక వచ్చింది. సలహాయే కదా అని పక్కన పెట్టారు. పదేళ్లకి, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది పోయాక గానీ, చలికోటు తప్పనిసరి అంటూ చట్టం రాలేదు. ఆ పోయినవాళ్లలో చలికి తాళలేక బొగ్గులకుంపటి ఇంట్లో పెట్టుకుని, ఆ విషగాలికి నిద్రలోనే పోయినవాళ్లూ ఉన్నారు.

మా అమ్మాయి వాకిట్లో మంచు బకెట్లకెత్తి, కరిగించి, దొడ్లో పోసుకుంది. కోటీ నలభై లక్షలమందిని నీళ్లు కాచుకుని తాగమన్నారు. కాచడానికి కరెంటేదీ?

ఇది విని మా అరుగుమీద ఒకాయన పకపకా నవ్వాడు. అమెరికా అంటే ఇంతేనా అని.

నవ్వండి. 1977 నవంబరు 19న ఉప్పెన తుఫాను తీరం దాటింది మన చీరాల దగ్గరే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర దాటింది. ఆ రెండోసారి మా వీధిలో కరెంటు పోయింది. మోటార్లు మూగపోయాయి. మేడమీది ట్యాంకులు పూటలో ఖాళీ. పంపు తిప్పితే మా అమ్మాయి విన్న నిశ్శబ్దమే మేమూ విన్నాం. మంచు లేకుండానే మా గొట్టాలు గడ్డకట్టాయి. అప్పుడు వీధి వీధంతా బిందెలు పట్టుకుని ఎక్కడికి వచ్చిందనుకున్నారు? మా బావి దగ్గరికి. పక్కింటివాళ్లు తమ బావిని పూడ్చి, దానిమీద తులసికోట కట్టారు. వాళ్లూ వచ్చారు. మా అబ్బాయి గిలక దగ్గర నిలబడి చేంతాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. ఆ బొబ్బలు మానాయి, ఇప్పుడు కారు పెట్టుకోవడానికి చోటు కావాలి!

వాడి వాదనలన్నీ చెప్పేస్తాను, లేకపోతే అన్యాయం. పిల్లలు పడతారు: నిజమే, జల్లెడ మూత వేయించు, రెండు వేలో మూడు వేలో అవుతుంది. దోమలు: గప్పీ చేపలు వదులు. నీళ్లు ఉప్పగా అవుతున్నాయి: ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట.

మనది ఇసక నేల, సముద్రం కూతవేటు దూరం. వాననీరు ఇసకలో దిగి, కింది ఉప్పునీటి మీద నూనెలా తేలుతుంది. సముద్రమట్టానికి పైన ఒక్కడుగు మంచినీరుంటే, దాని కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరే. అంటే ఒక్కడుగు లాగేస్తే ఉప్పు నలభై అడుగులు పైకెగబాకగలదన్నమాట. తొందరపడి లోతుగా బోరు దింపి, మోటారు పెట్టి పీల్చేది ఎవరు? బావా? చేదతో తోడే బావి పై మీగడ మాత్రం తీస్తుంది. మన తీరంలో రైతులు దొరువులు తవ్వి పైపైన నీళ్లు ముంచుకుని తోటలు పండించిన కిటుకు అదే. ఉప్పు తెచ్చింది బోరు, శిక్ష బావికా?

నీళ్లు దగ్గరగా ఉండటం ఎప్పుడూ అదృష్టమేనని నేననను. వానాకాలం మగ్గం గుంటలో నీరూరితే మా నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ ఈ ఊరికి దాచుకోవడం కొత్త కాదండీ. 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో పాత పత్రికలు పొట్టు రాలిపోతున్నా దాచుకున్నాం. 1929లో శంకుస్థాపనకు వచ్చిన గాంధీగారి చేతికర్ర విరిగితే ఆ ముక్కనీ దాచుకున్నాం. విరిగిన కర్రకి చోటిచ్చిన ఊళ్లో, ఊరే బావికి చోటు లేదా?

నిన్న రాత్రి అమ్మాయి ఫోను చేసింది. వాల్వు ఎక్కడుందో బొమ్మ గీసి ఫ్రిజ్జు మీద అంటించిందట, మనవడికి కూడా తిప్పడం నేర్పిందట. “మన బావి ఉందా నాన్నా?” అనడిగింది. ఉందన్నాను.

ఆదివారం మట్టి ట్రాక్టరు వస్తుందని అబ్బాయి చెప్పాడు. ఇవాళ బజారుకెళ్లి కొత్త చేంతాడు కొనుక్కొచ్చాను.