తొలిమెట్టు

బాలబాలికలారా! ఏ విద్యకైనను మొదటి దినములే కష్టమైనవి. ఆ దినములలో చేతకానివాడనిపించుకొనుటకు వెరచియే పెక్కుమంది నేర్వదగిన విద్యలను విడిచిపెట్టుచుందురు. ఈ వెరపు తగదని నా అభిప్రాయము. ఇది గ్రంథములలో చదివి చెప్పుచున్న మాట కాదు. 64వ యేట గిటారు చేతబట్టి, వ్రేళ్లు నొవ్వగా తెలిసికొన్న మాట.

నేను 35 సంవత్సరములు పాఠశాలలో తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడనై ఉద్యోగవిరమణ చేసితిని. మా మనుమరాలు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచున్నది. రెండేండ్లుగా గిటారు నేర్చుకొనుచున్నది. వేసవి సెలవులలో మా యింటికి వచ్చినపుడు ఒకనాడు ఆ వాద్యమును నా యొడిలో నుంచి, "తాతయ్యా, మీరును వాయించి చూడుడు" అనెను. ఇంతకాలము ఇతరులకు నేర్పినవాడను, నాకిది యెంతపని యనుకొంటిని.

గిటారునకు ఆరు తీగలుండును. దాని పొడవైన మెడమీద లోహపు మెట్లు అడ్డముగా అమర్పబడి యుండును. వీణకును మెట్లున్నవి, అయితే వానిని మైనములో నిలుపుదురు, వీనిని కొయ్యలోనికి దిగగొట్టుదురు. ఎడమచేతి వ్రేలితో తీగను నొక్కినపుడు మ్రోగు భాగము పొట్టిదగును. అది పొట్టియైనకొలది స్వరము హెచ్చును. 12వ మెట్టుకడ తీగ సగమగును గనుక, అచట స్వరము ఒక స్థాయి పైకి పోవును. మన సంగీతములో మధ్యస్థాయి షడ్జమమునుండి తారాస్థాయి షడ్జమమునకు పోవుటయు ఇట్టిదే. ఈ లెక్క నాకు క్షణములో బోధపడినది. కాని తెలియుట వేరు, చేతికి వచ్చుట వేరు.

నేను తీగను నొక్కి మీటితిని. స్వరమునకు బదులు బుర్రుమను చప్పుడు వచ్చినది. బలముగా నొక్కితిని. వ్రేలు నొచ్చినది గాని చప్పుడు మారలేదు. అపుడు మనుమరాలు, "బలము చాలక కాదు తాతయ్యా! మెట్టునకు దూరముగా నొక్కుచున్నారు. మెట్టునకు ఆనుకొని, దాని వెనుక భాగమున, వ్రేలికొనతో నొక్కుడు" అని చూపెను. అట్లు చేయగా స్వల్పమైన ఒత్తిడికే తీగ స్వచ్ఛముగా పలికినది.

తరువాత ఆమె రెండు కార్డ్‌లు నేర్పెను. కొన్ని స్వరములను ఏకకాలమున పలికించుటను కార్డ్ అందురు. ఐదవ, నాలుగవ తీగలను రెండవ మెట్టుకడ నొక్కి ఆరు తీగలను మీటినచో, ఇ మైనర్ అను కార్డ్ పలుకును. దీనికి రెండు వ్రేళ్లు చాలును. సి మేజర్ అను దానికి మూడు వ్రేళ్లు మూడు తీగలమీద, మూడు వేర్వేరు మెట్లకడ నిలువవలెను. వేరువేరుగా రెండును వచ్చినవి. కాని ఒకదానినుండి మరియొకదానికి పోవుటలోనే చిక్కంతయు నున్నది. ఆమె నాలుగు లెక్కించులోపల నేను మారవలెను. ఏడు లెక్కించినను నా వ్రేళ్లు తమ తావులను వెదకికొనుచునే యుండెను. కిటికీకడ నిలిచి చూచుచున్న ప్రక్కయింటి పిల్లలు పక్కున నవ్విరి. నా ముఖము వేడెక్కినది. వాద్యమును ప్రక్కన పెట్టి లేచిపోదునా యనిపించినది.

ఆ క్షణమున నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. చాలకాలము క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. పాఠమును చక్కగా గ్రహించెడివాడు. కాని బిగ్గరగా చదువుమన్నచో సంయుక్తాక్షరములకడ తడబడెడివాడు. అది సోమరితనమని తలచి నేనొకనాడు అందరియెదుట, "నీకు చదువు రాదు, కూర్చుండుము" అంటిని. తరగతి యంతయు నవ్వినది. ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు మరల లేచి చదువలేదు. నా వ్రేళ్లు నా మాట విననినాడు గాని, ఆ బాలుని నాలుక అతని మాట వినలేదని నాకు తెలియలేదు. అతడిప్పుడెచట నున్నాడో యెరుగను. కనబడినచో తప్పు నాదేయని చెప్పవలెనని యున్నది.

మా మనుమరాలు నన్ను కూర్చుండుమనలేదు. "వేగము తరువాత వచ్చును. ముందు మెల్లగా, తప్పు లేకుండ మార్చుడు. దినమునకు పది నిమిషములు చాలును" అనెను. ఈ మాటలో గొప్ప యుక్తి యున్నది. తొందరపడి తప్పుగా పదిమారులు వాయించినచో చేయి ఆ తప్పునే అలవరచుకొనును. మెల్లగా సరిగా వాయించినచో సరియైనదానినే అలవరచుకొనును. వ్రేలికొనల చర్మము సంగతియు నిట్టిదే. మొదటిదినముననే గంటలకొలది వాయించినచో బొబ్బలెక్కును. ప్రతిదినము కొంచెముగా సాధన చేసినచో కొన్ని వారములకు చర్మము గట్టిపడి నొప్పి తగ్గును. సాధన మానినచో మరల మెత్తబడును. మనవారిని ఆరంభశూరులందురు. మొదటిదినపు ఉత్సాహముకంటె ముప్పదవ దినపు పది నిమిషములు మేలని తెలిసినచో ఆ నింద తొలగిపోవును.

"నా వ్రేళ్లు ఈ విద్యకు తగినవి కావు" అని కొందరందురు. అట్టివారు 1910లో బెల్జియము దేశమున జన్మించిన జాంగో రైన్‌హార్ట్ చరిత్ర వినవలెను. 1928లో అతడు నివసించు బండికి నిప్పంటుకొని అతని శరీరము కాలినది. ఎడమచేతి చివరి రెండు వ్రేళ్లు దాదాపు పనికిరాకుండ పోయినవి. అప్పటికే వాయించుట నేర్చిన అతడు మరల తొలిమెట్టునుండి నేర్వవలసివచ్చినది. ముఖ్యముగా మిగిలిన రెండు వ్రేళ్లతోనే వాయించు పద్ధతిని కల్పించుకొని ప్రపంచప్రసిద్ధుడయ్యెను.

"ఇది పరదేశపు వాద్యము, మనకేల?" అని మరికొందరందురు. ఫిడేలు మాత్రము మనదా? దానిని బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు నేర్చి మన సంగీతమునకు అలవరచిరి. 1893లో జన్మించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరము సంగీత కళాశాలలో ఆచార్యులై, ఆ ఫిడేలుతోనే తెలుగువారికి కీర్తి తెచ్చిరి. అదే 1893లో స్పెయిన్ దేశమున ఆంద్రే సెగోవియా జన్మించెను. గిటారు పెద్ద సంగీతసభలకు తగదని ఆ దినములలో పలువురు తలచెడివారు. ఇంటివారి యిష్టమునకు భిన్నముగా, చాలవరకు తనంతట తానే నేర్చుకొని, అతడు దానికి సభాగౌరవము కల్పించెను. వాద్యము ఏ దేశమున పుట్టినదని గాక, దానిని ఎంత శ్రద్ధతో నేర్చుచున్నామని చూచుట యుక్తము.

అయితే పాఠములు మాని గిటారు పట్టుకొనుడని నేను చెప్పుట లేదు. పది నిమిషముల సాధన మీ చదువును చెరుపదు. పైగా ప్రతిదినము ఒక పనిని నియమముగా చేయు అలవాటు గణితమునకును, వ్యాకరణమునకును గూడ అక్కరకు వచ్చును.

నేను గిటారు పట్టి నాలుగు మాసములైనది. ఇపుడు మనుమరాలు నాలుగు లెక్కించులోపల నా వ్రేళ్లు తమ తావులను చేరుచున్నవి. ఒక చిన్న పాటకు తోడుగా వాయింపగలను. వాదకుడనని చెప్పుకొనలేను, ఇక చెప్పుకొనవలెనను కోరికయు లేదు. ప్రక్కయింటి పిల్లలు ఇప్పుడు నవ్వుటలేదు. వారిలో ఒకడు నిన్న లోపలికి వచ్చి, తానును ఒకమారు మీటిచూడవచ్చునా యని యడిగెను. అతని చేతిలోను తీగ బుర్రుమన్నది. నేను నవ్వలేదు. మెట్టునకు ఆనుకొని నొక్కుమని చూపితిని.

విద్యార్థులారా! రేపు మీ తరగతిలో ఎవరైనను చదువుచు తడబడినచో ఈ సంగతి తలచుకొనుడు. ఏదో ఒక విద్యలో మనమందరమును తొలిమెట్టుమీదనే యున్నాము.